‘ఇంకేంది’ అనే మనిషి

నేను మనుషుల మొహాలు మర్చిపోతాను గానీ డబ్బీలు మర్చిపోను. ఉప్పునుంతల మండలంలోని ఒక సర్కారు దవాఖానలో పదకొండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పేరు భానుప్రకాశ్, సొంతూరు వనపర్తి పక్కన. నా దగ్గరికి జనం మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బీల్లో తెమడ పట్టుకుని వస్తారు. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తెమ్మని ఎంత మొత్తుకున్నా సగం మంది బస్సు దిగి నోట్లో ఉన్నదేదో ఊసి తెస్తారు. తెచ్చి, “ఏమున్నది సారు ఇండ్ల?” అని నన్నే అడుగుతారు. “పొద్దున తిన్న ఇడ్లీ ఉన్నది” అని కసురుకుంటాను. భానుప్రకాశ్‌కు ముక్కు మీద కోపం అని దవాఖానంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ, అందులో అబద్ధం లేదు.

ఆ కోపం సోమవారాలు మాత్రం కొంచెం తగ్గేది, ఎందుకంటే సోమవారం బాలమణి వచ్చేది. బాలమణి ఇక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి ఆశ కార్యకర్త. ముప్పై ఆరేళ్లుంటాయి. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. నీలం చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కుకుని, భుజానికి సంచి వేసుకుని వచ్చి, డబ్బీలను వరుసగా బల్ల మీద పెట్టేది. ప్రతి డబ్బీ మీద పేరు, వయసు, ఎన్ని రోజుల నుంచి దగ్గు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేవి. ఆమె తెచ్చిన డబ్బీలో ఉమ్మి ఉండగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

రోగం విషయంలో మా దిక్కు జనానికి మూడే మాటలు తెలుసు. గ్యాసు, వేడి, గాలి. పొట్టలో నొప్పి వచ్చినా, గుండెలో నొప్పి వచ్చినా గ్యాసే. మూత్రంలో మంట అయినా, నోట్లో పుండ్లు అయినా వేడే. మిగిలిందంతా గాలి సోకడం. ఈ మూడు మాటలతో బాలమణి రోజూ కొట్లాడేది. రెండేళ్ల కింద వాళ్లూరి భీమమ్మకు పొద్దున పూట గుండెల్లో బరువుగా ఉందంటే, కొడుకు కురుమూర్తి బండి మీద పోయి రెండు సోడాలు తెచ్చి తాగించాడు. పల్లీ చేను పీకుడు పని ఉంది, తేన్పు వస్తే పోతుందిలే అనుకున్నాడు పాపం. ఆ దారిన పోతున్న బాలమణి లోపలికి వచ్చి ముసలమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టింది. చల్లటి చెమట. “అవ్వా, ఎడమ చెయ్యి గుంజుతున్నదా? దవడ గుంజుతున్నదా?” అని అడిగింది. గుంజుతున్నదని ముసలమ్మ తల ఊపింది. “సోడా పక్కన పెట్టు కురుమూర్తన్నా. ఇది గ్యాసు కాదు” అని 108కు ఫోను కొట్టింది. భీమమ్మ బతికింది. ఇప్పటికీ బాలమణి కనపడితే చాలు, దిష్టి తీసి మెటికలు విరుస్తుంది.

పసిపిల్లల దగ్గర ఆమె పని ఇంకా బాగుండేది. ఆశలకు చేతి గడియారం ఒకటి ఇస్తారు. జలుబు చేసిన పిల్లను తల్లి ఒళ్లో పడుకోబెట్టి, అంగీ పైకి జరిపి, పొట్ట ఎగిసిపడటం చూస్తూ నిండా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పిల్లకు అరవై, ఏడాది లోపు పిల్లకు యాభై. అంతకు చేరితే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతోందని అనుమానించి దవాఖానకు పంపాలి. చాలామంది పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తారు. బాలమణి అట్లా చేయదు. నిమిషం మొత్తం ఊరుకుని చూస్తుంది. పిల్ల ఏడిస్తే ఆపి, పాలిప్పించి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది.

ఇంత మనిషికి సొంత మొగుడి రోగం తెలియలేదు. ఆ కథే చెప్పబోతున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది, దాన్ని దాచుకోను.

ఆమె మొగుడు మాసయ్య. పుణెలో పెద్ద పెద్ద కట్టడాలకు గ్రానైట్ బండలు కోసే పని చేసేవాడు. ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలయ్యేటప్పుడు, క్రిస్మస్‌కు, ఊరికి వచ్చేవాడు. పెళ్లయి పద్నాలుగేళ్లు. వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద ఉన్న రోజులన్నీ కలిపినా మూడేళ్లు దాటవని బాలమణే ఒకసారి అన్నది. మిగిలిన కాపురమంతా ఫోనులోనే జరిగింది. సాయంత్రం ఆరున్నరకు పని దిగి, మొహం కడుక్కుని, మాసయ్య ఫోను చేసేవాడు. ఆమె ఫోనును పిండి డబ్బాకు ఆనించి జొన్నరొట్టెలు తట్టేది.

“తిన్నవా?”

“ఇంక ఏడ? రొట్టెలు చేస్తున్న.”

“ఏం కూర?”

“బెండకాయ.”

“పిల్ల చదువుతున్నదా?”

“చదువుతున్నది.”

“ఇంకేంది?”

ఈ ‘ఇంకేంది’ దగ్గరే మాసయ్య ఉండేవాడు. చెప్పుకోవలసినవన్నీ అయిపోయాక కూడా ఫోను పెట్టడు. ఇంకేంది అంటాడు. ఆమె ఏదో ఒకటి చెప్తుంది. మళ్లీ ఇంకేంది. పక్కింటి కోడి, చర్చి మైకు, కురుమూర్తి బోరు ఎండిపోవడం, ఏదైనా సరే అతనికి కావాలి. ఒకరోజు వాళ్ల బిడ్డ హెప్సిబా లెక్కపెడితే ఒకే ఫోనులో పన్నెండుసార్లు ఇంకేంది అన్నాడట. ఈ సంగతి బయటికి వచ్చాక మా దవాఖాన సిస్టర్లు బాలమణిని ‘ఇంకేందమ్మా’ అని పిలిచి ఏడిపించేవాళ్లు. ఆమె మొహం ఇంత చేసుకుని మురిసిపోయేది.

అతను వాట్సాప్‌లో పంపిన ఒక వాయిస్ మా ల్యాబ్ అంతటికీ తెలుసు. నాలుగు నిమిషాల పొడవు. మొత్తం ఒక ఎద్దు గురించి. పుణెలో రోడ్డు మీద ఒక ఎద్దును చూశాడట. చిన్నప్పుడు వాళ్ల నాయిన ఊరి రైతుల కోసం పెబ్బేరు సంతలో ఎడ్లు పట్టి, మూడు రోజులు నడిపించుకుని ఊరికి తెచ్చేవాడట. అందులో ఒకదానికి ఎడమ కొమ్ము కిందికి వంగి ఉండేదట. పుణె ఎద్దు కూడా అచ్చం అట్లాగే ఉందట. దాని వెనకాలే రెండు వీధులు నడిచానని, పనికి ఆలస్యమై మేస్త్రితో తిట్లు తిన్నానని చెప్పుకుంటూ పోయాడు. ఎక్కడా ఆగలేదు. నేను విని, “ఈయనకు ఊపిరి తీసుకునే పని లేదా అమ్మా?” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాకు బాధగా ఉంటుంది.

వలస పోయినవాళ్ల ఇళ్లలో ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఫోనులో రోగం చెప్పరు. ఆరువందల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి విని ఏం చేస్తాడు, అన్నం మానేస్తాడు, పరేషాన్ అవుతాడు. అందుకే ఇటు నుంచి ఎవరు ఎట్లున్నారని అడిగినా మంచిగున్నం, అటు నుంచి అడిగినా మంచిగున్న. హెప్సిబాకు డెంగీ వచ్చి నాగర్‌కర్నూలు దవాఖానలో నాలుగు రోజులు ఉన్నప్పుడు, “పిల్లకియ్యి, మాట్లాడుత” అని మాసయ్య అడిగితే, “బడికి పోయింది” అని చెప్పింది బాలమణి. ఆ రోజు ఆదివారం. అతనికీ తెలిసే ఉంటుంది. అయినా ఏమీ అనలేదు. నాలుగో రోజు పిల్ల గొంతు విన్నాక మాత్రం, ఫోను పెట్టకుండా గంట సేపు ఇంకేంది అన్నాడట.

పోయిన ఏడాది జూన్‌లో ఊరికి వచ్చినప్పుడు అతనికి కొద్దిగా దగ్గు ఉండింది. బాలమణి అడిగింది. “రాయి దుమ్ము. ఊర్లె నాలుగు దినాలుంటే పోతది” అన్నాడు. నిజంగానే తగ్గింది. బండలు కోసేవాళ్లందరికీ దగ్గు ఉంటుంది. లేనివాణ్ని చూపిస్తే ఆశ్చర్యపోవాలి గానీ. ఆమె ఆ దగ్గును పట్టించుకోలేదు, అతను మళ్లీ పుణెకు పోయాడు.

సెప్టెంబరు నుంచి ఫోన్లు చిన్నవయ్యాయి. తిన్నవా, పిల్ల తిన్నదా, సరే ఉంట మరి. మధ్యలో ఒక్కోసారి అటువైపు ఏ చప్పుడూ ఉండేది కాదు. గాలి చప్పుడు కూడా ఉండదు. కాసేపటికి మళ్లీ గొంతు వచ్చేది. “ఏమైంది?” అంటే, “ఏంలేదు, చెప్పు” అనేవాడు. వీడియో కాల్ చేస్తే ఎత్తడం మానేశాడు, కెమెరా ఖరాబైందన్నాడు. ఇంకేంది అనే మాట రోజుకు ఒకటయింది. తర్వాత అది కూడా పోయింది.

అక్టోబరులో ఒక సోమవారం, డబ్బీలు పెట్టి, వెళ్లకుండా బల్ల పక్కనే నిలబడింది. నేను మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఉన్నాను.

“సారు, బాగా మాట్లాడే మనిషి ఉన్నట్టుండి మాటలు తగ్గిస్తే దేనికి గుర్తు?” అన్నది.

రోగాల గురించి ఎప్పుడూ అట్లాగే అడుగుతుంది. అరికాళ్లు మండితే దేనికి గుర్తు, గోళ్లు తెల్లబడితే దేనికి గుర్తు. నేను తల ఎత్తకుండానే, “మొగోడైతే, మాట్లాడనీకి ఇంకో మనిషి దొరికినట్టు గుర్తు” అన్నాను. అని నేనే నవ్వాను. ఆమె కూడా నవ్వినట్టే వినిపించింది. ఖాళీ డబ్బీలు తీసుకుని వెళ్లిపోయింది. నేను ఆ మాట మధ్యాహ్నానికల్లా మర్చిపోయాను.

ఆమె మర్చిపోలేదు. పౌరుషం గల మనిషి. బతిమాలడం చేతకాదు. అతను తక్కువ మాట్లాడితే తనూ తక్కువే మాట్లాడింది. అతను ఫోను చేస్తే చేతులు పిండిలో ఉన్నాయని హెప్సిబాకు ఇచ్చేది. అప్పుడతను ఫోను చేయడం తగ్గించి వాట్సాప్‌లో వాయిస్‌లు పంపడం మొదలుపెట్టాడు. మొదటి ఒకటి రెండు విన్నది. ముక్కలు ముక్కలుగా, పక్కన ఎవరో ఉంటే గొంతు దాచుకుని మాట్లాడినట్టు ఉన్నాయి. ఆ తర్వాత వచ్చినవి తెరవలేదు. క్రిస్మస్‌కు రాలేదు. ‘పనున్నది’ అని ఒక్క ముక్క పెట్టాడు. చర్చిలో అందరూ మాసయ్య రాలేదా అని అడుగుతుంటే, ఆమె వెనక వరసలో కూర్చుని పాట పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నది. ఆ రోజు అతని మీద ఎంత కోపం వచ్చిందో, అంతకు రెట్టింపు అతను గుమ్మంలోకి వస్తే బాగుండునని ఉండిందని తర్వాత నాతో చెప్పింది.

జనవరి సగంలో అతనితో పాటు పనిచేసే దానియేలు ఊరికి వచ్చాడు. ఊరి వరసకు మరిది. మాసయ్య పంపిన సంచి అతని దగ్గరే ఉంది, అందులో హెప్సిబాకు ఆకుపచ్చ గౌను, బాలమణికి చీర. దానియేలు ఆ సంచిని బాలమణి ఇంట్లో లేనప్పుడు తెచ్చి, తలుపు గొళ్లానికి తగిలించి పోయాడు. ఎదురుపడితే రోడ్డుకు అవతలి పక్కకు తప్పుకున్నాడు. ఇక ఆమెకు అనుమానం లేకపోయింది. మొగుడు అక్కడ ఏం చేస్తున్నాడో తెలుసు గనకే వీడు నా మొహం చూడలేకపోతున్నాడు అనుకున్నది. చీర మడత విప్పలేదు.

నెలాఖరుకు టీబీ సర్వే వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి, కాగితం మీద ఉన్న ప్రశ్నలన్నీ అడిగి, టిక్కులు పెట్టాలి. తిరుగుతూ తిరుగుతూ దానియేలు ఇంటికి వచ్చేసరికి అతను తప్పించుకోవడానికి లేకుండా మంచం మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. బాలమణి సొంత సంగతి ఎత్తలేదు. కాగితం తీసింది. రెండు వారాలు దాటి దగ్గు ఉందా, సాయంత్రం పూట జ్వరం వస్తుందా, బరువు తగ్గావా, ఆకలి మందగించిందా, తెమడలో నెత్తురు పడుతుందా. అన్నిటికీ లేదన్నాడు. ఆఖరి ప్రశ్న అడిగింది.

“నీతోటి ఒకే రూముల ఉండెటోళ్లకు ఎవరికన్న ఇవి ఉన్నయా?”

దానియేలు కత్తి పక్కన పెట్టాడు. సగం గీసిన గడ్డంతో అట్లాగే కూర్చున్నాడు.

“ఏందిరా, చెప్పు. ఉన్నయా లేవా? టిక్కు పెట్టాలె” అన్నది.

“ఉన్నయి వదినె.”

“ఎవరికి?”

“చెప్పొద్దని అన్న ఒట్టు పెట్టిండు.”

ఆ తర్వాత అంతా ఒకేసారి బయటికి వచ్చింది. మాసయ్య వినాయక చవితి నుంచి దగ్గుతున్నాడు. సాయంత్రమైతే ఒళ్లు కాలుతుంది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంటాడు. అంగీలు వదులై భుజాల మీద నుంచి జారుతున్నాయి. బండ కోసే మిషను పట్టలేక ఇప్పుడు వంట పని చేస్తున్నాడు. “నీతోటి మాట్లాడేటప్పుడు దగ్గు వస్తే ఫోను మ్యూట్ చేస్తడు వదినె. దగ్గుడు అయినంక మళ్ల తీస్తడు. ఒక్క వాయిస్ పంపనీకి నాలుగైదు సార్లు మాట్లాడి కొట్టేస్తడు. దగ్గు లేకుంట వచ్చిందే పంపుతడు.”

బాలమణి కాగితం మీద టిక్కు పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలియదన్నది. అక్కడి నుంచి తిన్నగా ఆటో ఎక్కి నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు సోమవారం కాదు, చేతిలో డబ్బీలు కూడా లేవు. ఫోను బల్ల మీద పెట్టి, “సారు, జర వినాలె మీరు” అన్నది.

తెరవని వాయిస్‌లు పదకొండు. డిసెంబరు మొదటి వారం నుంచి నిన్నటి దాకా. ఒక్కొక్కటే నొక్కింది. “మణీ... తిన్నవా... నేను... మంచిగున్న.” ఒకదాంట్లో చర్చిలో కొత్త మైకు పెట్టారా అని అడిగాడు. ఒకదాంట్లో చీర రంగు నచ్చిందా, లేకపోతే మార్చుకొస్తానన్నాడు. ఒకదాంట్లో, “మణీ... కోపమొచ్చిందా... నా మీద” అని ఆగిపోయాడు. మాట మాటకూ మధ్య, పొయ్యి ఊదుతున్నట్టు గాలి చప్పుడు. నాకు వినబుద్ధి కాలేదు. ఆమె మాత్రం చేతి గడియారం విప్పి ముందు పెట్టుకున్నది. నిన్నటి వాయిస్‌ను మొదటి నుంచి పెట్టి, కళ్లు మూసుకుని లెక్కపెట్టింది. నలభై సెకన్లలో ఇరవై రెండు శ్వాసలు.

“నిమిషానికి ముప్పై మూడు సారు. నెలల పిల్లకైతే ఏం ఫికర్ లేదు. నలభై ఏండ్ల మనిషికి గిట్ల ఉండొచ్చునా?” అన్నది.

ఉండకూడదు. కూర్చున్న మనిషికి ఇరవై దాటకూడదు. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

నాకప్పుడు అక్టోబరు సోమవారం గుర్తుకొచ్చింది. మాటలు తగ్గితే దేనికి గుర్తు అని ఆమె ఒక రోగ లక్షణాన్ని అడిగినట్టే అడిగింది. అడగవలసిన మనిషినే అడిగింది. పదకొండేళ్లు టీబీ పరీక్షలు చేసినవాణ్ని, తల ఎత్తి ఎవరు, ఎప్పటి నుంచి, దగ్గుందా అని ఒక్క ప్రశ్న వేస్తే సరిపోయేది. నేను పరాచికాలాడాను. ఆ మాటే ఆమెతో చెప్పాను.

“మీరు నవ్వుకుంట చెప్పిన్రు సారు. నేను నమ్మిన” అన్నది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నా ముందే అతనికి ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది.

“ఎట్లున్నవ్?”

“మంచిగున్న” అన్నాడు. ఆమె తనంతట తనే ఫోను చేసిందన్న సంబరం గొంతులో తెలిసిపోతోంది.

“మంచిగుంటే ఒక్క పని చెయ్యి. నిండ దమ్ము తీసుకొని, మళ్ల తీసుకోకుంట, ఒకటి నుంచి ఇరవై దాక లెక్క పెట్టు.”

“గదెందుకు?”

“నాకు వినాలని ఉన్నది. పెట్టు.”

అతను మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు దగ్గర గొంతు సన్నబడింది. ఆరు అనలేదు. ఒక్కసారిగా అటువైపు చప్పుడంతా పోయింది, బావిలో పడ్డట్టు. మునుపు ఆమె ఆ చప్పుడు లేకపోవడాన్ని వేరే మనిషికి గుర్తు అనుకున్నది. ఇప్పుడు ఫోనును రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గర పెట్టుకున్నది.

“మ్యూట్ తియ్యి. దానియేలు అంత చెప్పిండు. దాచకు. నేను ఈడ్నే ఉన్న, తియ్యి. దగ్గు.”

తర్వాత మ్యూట్ తీశాడు. నేను వేల దగ్గులు విన్నాను గానీ, అంత సేపు ఆగకుండా వచ్చిన దగ్గు అదే. దగ్గు ఆగాక, “రేపు బయలెల్లుత. ఎల్లుండి పొద్దుగాల నీ కాడ ఉంట. బువ్వ తిను” అన్నది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం కడుక్కోవాలని చెప్పి బయటికి పోయాను.

దానియేలును వెంటబెట్టుకుని పుణె పోయింది. మా డాక్టరు ఫోనులో చెప్పినట్టే ముందు అక్కడి సర్కారు దవాఖానలో చేర్పించి, ఆక్సిజన్ పెట్టించి, ఆరు రోజులకు, ప్రయాణం చేయొచ్చు అన్నాక, మూతికి మాస్కు కట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని తీసుకువచ్చింది. మాసయ్యను నేను మొదట చూసింది కూడా డబ్బీలోనే. మామూలుగానే మూత మీద గుండ్రటి అక్షరాలు. మాసయ్య, నలభై. ఎన్ని రోజుల నుంచి దగ్గు అనే చోట ఆమె ‘అయిదు నెలలు’ అని రాసి, పక్కన తన సంతకం పెట్టింది. సంతకం అవసరం లేదు. ఎందుకు పెట్టిందో నేను అడగలేదు.

టీబీ ఉందని తేలింది. తల్లీబిడ్డలకు కూడా పరీక్షలు చేశాం, వాళ్లకు రాలేదు. రాకుండా వాళ్లకూ మాత్రలు మొదలుపెట్టారు. నాగర్‌కర్నూలులో తీయించిన ఎక్స్‌రేలో ఇంకొకటి కూడా కనబడింది. ఏళ్ల తరబడి పీల్చిన రాయి దుమ్ము ఊపిరితిత్తుల నిండా గూడు కట్టుకుని ఉంది. టీబీ ఆరు నెలల మాత్రలతో పోతుంది, దుమ్ము మాత్రం పోదు, ఇక బండల పనికి పోకూడదని పెద్ద డాక్టరు చెప్పాడు. మాసయ్య అంతా విని, “ఇగ ఊర్లెనే ఉండొచ్చు అంటున్నడా?” అని బాలమణిని అడిగాడట. అంత చెడ్డ వార్తలో అతనికి ఆ ఒక్కటే వినపడింది.

మాత్రలు వేసుకున్న రెండో రోజే మూత్రం ఎర్రగా వచ్చిందని అతను బెదిరిపోయి మంచం పట్టాడు. ఆ మందుకు అట్లాగే వస్తుంది. ఊళ్లో పదిహేను మందికి మాత్రలిచ్చేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పిన మనిషి, మొగుడికి చెప్పడం మర్చిపోయింది. ఆ సోమవారం నేను ఎంత ఆటపట్టించినా పడింది. ఆమె నవ్వడం నెలల తర్వాత చూశాను.

నాలుగైదు నెలలకు అతను కండ పట్టాడు. జ్వరం పోయింది, దగ్గు తగ్గింది. కానీ పది అడుగులు వేస్తే ఆగాలి, నాలుగు మాటలు మాట్లాడితే ఆగాలి. ఒకసారి బాలమణి డబ్బీలు సర్దుతూ, “మనిషొచ్చిండు సారు. ఆ మాటలే రాలే” అన్నది. అతను చర్చికి పోయిన వేళల్లో, ఆ ఎద్దు వాయిస్ పెట్టుకుని వింటుందట. నాలుగు నిమిషాలూ. అతను ఇంట్లో ఉన్నప్పుడు పెట్టదు, విని బాధపడతాడని. ఇన్నేళ్లు మనిషి రావాలని ఎదురుచూసింది. మనిషి వచ్చాక, ఆ గొంతు కోసం ఎదురుచూస్తోంది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచదట. ఎప్పుడూ ఫోనులోనే మాట్లాడుకున్నారు, ఎదురుగా మాట్లాడటం అలవాటు లేదు.

ఆగస్టులో ఆరు నెలలు నిండాయి. ఆఖరి డబ్బీ తెచ్చింది. ఆ మరుసటి సోమవారం రిపోర్టు కోసం అతన్ని కూడా వెంటబెట్టుకు వచ్చింది. అతను బయట వేప చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాడు, నా కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు. ఎంత ఉంటుంది, ఇరవై అడుగులు. రిపోర్టులో ఏమీ లేదు. టీబీ పోయింది. కాగితం ఆమె చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. అప్పుడే ఆమె ఫోను మోగింది.

కిటికీలోంచి చూస్తే మాసయ్య చెవి దగ్గర ఫోను పెట్టుకుని, చెప్పుల వైపు చూస్తున్నాడు. ఆమె ఎత్తి, అలవాటు కొద్దీ స్పీకరులో పెట్టింది.

“ఏమన్నడు... సారు?”

“పోయిందట. మొత్తం పోయింది.”

బెంచీ మీద అతని భుజాలు పైకి లేచి, కిందికి దిగాయి. మళ్లీ లేచి, దిగాయి. ఫోనులో గాలి చప్పుడు.

“ఇంకేంది?” అన్నాడు.

బాలమణి నీలం కొంగుతో మొహం అదుముకున్నది. ఏడాది కావొస్తోంది ఆ మాట విని. అటు నుంచి మళ్లీ, “నేనొకటి... చెప్పాల్నని...” అని మొదలుపెట్టి, ఊపిరి చాలక ఆగిపోయాడు.

“చెప్పు” అన్నది బాలమణి. “నిమ్మలంగ చెప్పు. నేను ఆగుత.”

చేతి గడియారం బల్ల మీదే ఉంది. దాన్ని చూడలేదు, లెక్కపెట్టలేదు. వెనక రిపోర్టుల కోసం వచ్చిన జనం వరస కట్టారు, ఎవరో గొణిగారు కూడా. మామూలుగానైతే ఈ మాటలు బయటికి పోయి మాట్లాడుకోమని నేనే కసిరేవాణ్ని. ఆమె కిటికీ ఊచ పట్టుకుని, ఫోను చెవికి పెట్టుకుని, అతని తర్వాతి మాట కోసం నిలబడింది.